దేశం లేని భాష, జట్టు ఉన్న అభిమాని

సభకు నమస్కారం.

ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే ఎవరూ కాదనరు. ఎస్పరాంటో గురించి అంటే మాత్రం "అదేంటి?" అంటారు. అందుకని ముందు దాని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1887లో వార్సాలో లుడ్విక్ జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టర్ ఒక చిన్న పుస్తకం అచ్చేయించాడు. ఏ దేశానికీ చెందని, ఎవరైనా తొందరగా నేర్చుకోగలిగే ఒక ఉమ్మడి భాష అందులో ఉంది. అదే ఎస్పరాంటో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ భాషలో ఉత్తరాలు రాసుకునేవాళ్లు, ప్రేమించి పెళ్లి చేసుకున్నవాళ్లు, ఇంట్లో పిల్లలతో అదే మాట్లాడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లూ తక్కువేం కాదు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఈ మాట చెప్పగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ భాషకి దేశమే లేదు కదా, మరి మ్యాచ్ చూస్తే ఎవరి వైపు ఉంటారు?" మా చెల్లెలు కూడా ఇదే అడిగింది. చాలా అసలైన ప్రశ్న ఇది. అభిమాని అన్నాక ఒక వైపు ఉండాలి. "మనవాళ్లు" అనే మాట లేకపోతే గోల్ పడినప్పుడు ఎగిరి గంతేయడం ఉండదు. ఎస్పరాంటో పుట్టిందేమో ఆ "మనవాళ్లు, వాళ్లు" అనే గోడను చూసి కడుపు తరుక్కుపోయిన మనిషి చేతిలో. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతాయన్నదే ఇవాళ్టి విషయం.

జామెన్‌హోఫ్ పుట్టింది 1859లో, బియాలిస్టోక్ అనే ఊళ్లో. ఇవాళ అది పోలండ్‌లో ఉంది, అప్పట్లో రష్యా సామ్రాజ్యం కింద ఉండేది. యూదులు, పోలిష్ వాళ్లు, రష్యన్లు, జర్మన్లు ఒకే వీధుల్లో తిరిగేవాళ్లు. ఒకరి భాష ఒకరికి శత్రువు భాషలా వినిపించేది. 1906 జూన్‌లో ఆ ఊళ్లో యూదుల మీద ఘోరమైన దాడులు జరిగాయి, ఎంతోమంది చనిపోయారు. ఆ ఆగస్టులోనే జెనీవాలో ఎస్పరాంటో మహాసభ జరిగింది. వ్యాకరణం గురించి మాట్లాడతాడని కూర్చున్న జనం ముందు ఆయన తన ఊరి వీధుల్లో జరిగిన హత్యల గురించి మాట్లాడాడు. ఆ చనిపోయినవాళ్లు చేసిన నేరమల్లా వేరే భాష మాట్లాడటం, వేరే దేవుణ్ణి కొలవడమే అన్నాడు.

ఇప్పుడు అదే బియాలిస్టోక్‌లో యాగెలోనియా అనే ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. పసుపు, ఎరుపు రంగుల జట్టు. వందేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నా లీగ్ టైటిల్ మాత్రం ఎప్పుడూ దక్కలేదు. 2024లో మొదటిసారి పోలండ్ ఛాంపియన్ అయింది. ఎస్పరాంటో వాళ్లకు ఆ ఊరు పుణ్యక్షేత్రం లాంటిది కాబట్టి, పోలండ్ లీగ్ ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఈ క్లబ్ మీద ఒక కన్నేసి ఉంచుతారు. నేనూ అంతే. ఆ టైటిల్ వార్త చదివినప్పుడు మా పక్క ఊరి జట్టు గెలిచినంత సంతోషం వేసింది.

కానీ అభిమానానికి ఉన్న రెండో ముఖాన్ని దాచి ఈ విషయం మాట్లాడటం సరికాదు. 2019 జూలైలో బియాలిస్టోక్‌లో మొదటిసారి సమానత్వ యాత్ర జరిగింది. స్వలింగ సంపర్కుల హక్కుల కోసం నడుస్తున్న ఆ జనం మీద రాళ్లు, సీసాలు, టపాకాయలు పడ్డాయి. దాడి చేసినవాళ్లలో ఫుట్‌బాల్ గుంపులవాళ్లు కూడా ఉన్నారని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. జామెన్‌హోఫ్ పేరుతో వీధి, ఆయన విగ్రహం ఉన్న ఊళ్లోనే ఇది జరిగింది. స్టేడియంలో భుజం భుజం కలిపి పాడే ఆ ఐక్యత, గేటు దాటాక ఎవరి మీద పడుతుందన్నది అభిమానులందరం ఆలోచించాల్సిన విషయం. అది ఆటకు సంబంధం లేని గొడవ అని పక్కకు నెట్టేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

"ఫుట్‌బాలే ఒక ప్రపంచ భాష, ఇంక వేరే భాష ఎందుకు?" అని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. చరిత్ర చూస్తే ఈ రెండూ దాదాపు ఒకే కాలం బిడ్డలు. ఫుట్‌బాల్ నియమాలను కాపాడే అంతర్జాతీయ బోర్డు 1886లో ఏర్పడింది, ఎస్పరాంటో మొదటి పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా 1904 మేలో ప్యారిస్‌లో పుట్టింది. 1905 ఆగస్టులో అదే ఫ్రాన్స్‌లో, బులోన్ అనే సముద్రతీర పట్నంలో, మొదటి ఎస్పరాంటో మహాసభకు దాదాపు 700 మంది వచ్చారు. ఎస్పరాంటో వ్యాకరణానికి 16 నియమాలు. ఫుట్‌బాల్‌కు ఇవాళ 17. వేర్వేరు ఊళ్లలో వేర్వేరుగా ఆడుకునే, మాట్లాడుకునే జనం ఒకచోట కలిస్తే పని జరగడానికి కొన్ని కొద్దిపాటి నియమాలు చాలు అన్న నమ్మకం రెండిటిలోనూ ఉంది.

తేడా కూడా ఉంది, అది నాకు చాలా ఇష్టమైన తేడా. ఫుట్‌బాల్ నియమాలను బోర్డు మారుస్తూనే ఉంటుంది. బంతి కన్నా, ప్రత్యర్థుల కన్నా ముందే వెళ్లి గోల్ దగ్గర కాచుకుని ఉండకూడదనే ఆఫ్‌సైడ్ నియమాన్ని 1925లో మార్చారు. 1992లో, మన డిఫెండర్ కాలితో కావాలని వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదన్నారు. ఎస్పరాంటోలో అలా కుదరదు. బులోన్‌లో భాష పునాదిని, అంటే మూల వ్యాకరణాన్ని, మూల పదాలను, ఎవరూ ముట్టుకోకూడదని ఒప్పుకున్నారు. దాన్ని మార్చాలని పట్టుబట్టినవాళ్లు 1907లో ఇడో అనే వేరే భాషగా చీలిపోయారు. పునాది కదలదు, దాని మీద కట్టుకోవడం మాత్రం జనం ఇష్టం. ఫుత్‌బాలో, గోలో, ఆఫ్‌సాయ్‌దో లాంటి మాటలు ఎవరో ఆఫీసులో కూర్చుని ఇచ్చినవి కావు. ఆడేవాళ్లు, చూసేవాళ్లు, వాదించుకునేవాళ్లు వాడి వాడి నిలబెట్టుకున్నవి.

సరే, ఫుట్‌బాల్ నిజంగా అందరికీ అర్థమయ్యే భాషేనా? 1966 జూలై 23, వెంబ్లీ. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, ఇంగ్లండ్ అర్జెంటీనా మ్యాచ్. రెఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ జర్మన్ మనిషి, ఆయనకు స్పానిష్ రాదు. అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రాటిన్‌కు జర్మన్ రాదు. మొదటి సగంలోనే రెఫరీ రాటిన్‌ను బయటికి పొమ్మన్నాడు. రాటిన్ కదల్లేదు. తన చేతికున్న కెప్టెన్ పట్టీ చూపిస్తూ దుబాసీని పిలవమని అడుగుతూనే ఉన్నాడు. నిమిషాలు గడిచిపోయాయి, ఆట ఆగిపోయింది, స్టేడియమంతా టెన్షన్. రెఫరీల బాధ్యత చూసే కెన్ ఆస్టన్ స్వయంగా దిగి సర్దిచెప్పాల్సి వచ్చింది. చివరికి రాటిన్ బయటికి వెళ్లి, రాణిగారి కోసం పరిచిన ఎర్ర తివాచీ మీద కూర్చున్నాడు. పైగా అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్‌కు చెందిన చార్ల్‌టన్ అన్నదమ్ములకు రెఫరీ హెచ్చరిక ఇచ్చాడో లేదో కూడా మైదానంలో స్పష్టంగా తెలియలేదు.

ఆస్టన్ ఆ గొడవ గురించే ఆలోచిస్తూ కారులో వెళుతుంటే ట్రాఫిక్ సిగ్నల్ పడింది. అక్కడ తట్టింది ఆయనకు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే బయటికి. 1970 మెక్సికో ప్రపంచకప్ నుంచి ఎల్లో కార్డు, రెడ్ కార్డు వచ్చేశాయి. అంటే ఫుట్‌బాల్ తనంతట తాను ప్రపంచ భాష కాలేదు. భాష లేక అవమానపడి, ఒక చిన్న ఉమ్మడి భాష తయారు చేసుకుంది. ఏ దేశానికీ సొంతం కాని, చూడగానే అందరికీ అర్థమయ్యే భాష. జామెన్‌హోఫ్ కోరుకున్నది సరిగ్గా ఇదే గుణం.

కార్డుతో శిక్ష వేయొచ్చు కానీ మాట్లాడటం కుదరదు. ఎందుకు పంపావు అని రాటిన్ అడగాలనుకున్నాడు, అది కార్డు తీర్చే అవసరం కాదు. అభిమానులకైతే మాట్లాడటమే సగం ఆట. మ్యాచ్ తొంభై నిమిషాల్లో అయిపోతుంది, దాని గురించి వాదన ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ వాదన ఏ భాషలో జరుగుతుందన్నది చిన్న సంగతి కాదు. ఫిఫా నిబంధనావళికి చాలా భాషల్లో ప్రతులున్నాయి, కానీ అర్థం విషయంలో తేడా వస్తే చెల్లేది ఇంగ్లిష్ ప్రతే. అభిమానుల మధ్య కూడా అదే నడుస్తుంది. ఇంగ్లిష్ ఇంటి భాష అయినవాడు జోకు వేస్తాడు, మాట విరుస్తాడు, వాదన గెలుస్తాడు. హంగరీ నుంచో సెనెగల్ నుంచో వచ్చినవాడికి ఆట గురించి పదింతలు తెలిసినా, సరైన మాట వెతుక్కునేలోపు విషయం మారిపోతుంది. మన తెలుగు మీడియం పిల్లలకు ఈ బాధ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎస్పరాంటోలో వాదించుకునే ఇద్దరిలో దాదాపు ఎప్పుడూ ఇద్దరూ నేర్చుకుని వచ్చినవాళ్లే. ఇద్దరూ తప్పులు చేస్తారు, ఇద్దరూ ఒకే మైదానంలో నిలబడతారు. బ్రెజిల్ మనిషి, జర్మన్ మనిషి 2014 ప్రపంచకప్ సెమీఫైనల్ గురించి మాట్లాడుకోవాలంటే (జర్మనీ గెలిచిన ఆ 7-1 మ్యాచ్ ఏ బ్రెజిల్ వాడూ మరిచిపోడు) ఓడినవాడు గెలిచినవాడి భాషలో మాట్లాడక్కర్లేదు, గెలిచినవాడికీ తన భాష అదనపు బలం కాదు. నాకు ఎస్పరాంటో మీద ఉన్న ప్రేమకు అసలు కారణం ఈ సమానత్వమే.

అదే 2014 జూలైలో ఇంకో ముచ్చట ఉంది. జూలై 13న ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా జర్మనీ చేతిలో ఓడిపోయింది. 113వ నిమిషంలో గోట్జె కొట్టిన ఒక్క గోల్. సరిగ్గా ఆ నెలాఖరున ఎస్పరాంటో ప్రపంచ మహాసభ జరిగింది ఎక్కడో తెలుసా? బ్యూనస్ ఎయిర్స్‌లో. గుండె పగిలి ఇంకా రెండు వారాలు కాని నగరానికి ప్రపంచం నలుమూలల నుంచి ఎస్పరాంటో వాళ్లు వచ్చారు. అక్కడే ఎస్పరాంటో జట్టు అంటూ ఒకటి మైదానంలోకి దిగి, ఆ నగరంలో స్థిరపడిన అర్మేనియన్ల జట్టుతో ఆడింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో నూరో మహాసభ జరిగినప్పుడు పశ్చిమ సహారా జట్టుతో ఆడింది. రెండూ ఓడిపోయింది.

ఆ ప్రత్యర్థులను చూడండి. నరమేధం తర్వాత దేశదేశాలకు చెల్లాచెదురైన జాతి ఒకటి. సొంత నేల మీద ఇంకా పూర్తి హక్కు దొరకని జాతి ఇంకొకటి. ఫిఫా పట్టికలో చోటు లేని ఇలాంటి జట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఉత్తర యూరప్‌లోని సామీ ప్రజల జట్టు, తమిళ ఈళం జట్టు అలాంటివే. వాళ్లందరికీ జెర్సీ అంటే "మేమూ ఉన్నాం" అని చెప్పడం. ఎస్పరాంటో జట్టు పరిస్థితి వేరు, వాళ్లకు పోయిన నేల అంటూ ఏదీ లేదు, తిరిగి కావాలని అడగడం లేదు. పాస్‌పోర్టులు వేరైనా ఒక భాష కోసం ఒకే చొక్కా వేసుకున్నారు. ఆటగాళ్లుగా వాళ్లు గొప్పవాళ్లు కాకపోవచ్చు. కానీ "మనవాళ్లు" అనే మాటను పుట్టుకతో కాకుండా ఇష్టంతో కట్టుకోవచ్చని ఒక మైదానంలో చూపించారు, నాకది ఏ ట్రోఫీకీ తీసిపోదు.

ఇక్కడ ఎస్పరాంటో వాళ్లంతా శాంతమూర్తులు అని మీరు అనుకుంటే అది నిజం కాదు. 1974 వేసవిలో హాంబర్గ్‌లో రెండు పెద్ద సంఘటనలు జరిగాయి. జూన్‌లో ప్రపంచకప్‌లో తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీని 1-0తో ఓడించింది, ఒకే భాష మాట్లాడే రెండు దేశాలు. కొద్ది వారాలకే అదే నగరంలో ఎస్పరాంటో మహాసభ. అందులో వర్గపోరు ఎంత ముదిరిందంటే, ఏళ్ల తరబడి ఉద్యమాన్ని నడిపి, 1954లో యునెస్కో గుర్తింపు తెచ్చిపెట్టిన ఇవో లాపెన్నా రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఒకే భాష ఉంటే గొడవలుండవు అన్నవాళ్లకు ఆ ఒక్క వేసవి చాలు. ఉమ్మడి భాష వల్ల తగాదా పోదు. ఎదుటివాడు ఏమంటున్నాడో మధ్యవర్తి లేకుండా వినపడుతుంది, అంతే. ఆ "అంతే" చాలా పెద్దది. రాటిన్ ఆ రోజు అడిగింది అంతకన్నా ఎక్కువేం కాదు.

మన హైదరాబాద్‌కు ఈ రెండింటితోనూ చుట్టరికం ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిపించి, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్లిన కోచ్ రహీమ్ సాబ్ ఊరు ఇది. అలాగే మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి భాషాశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ప్రబాల్ దాస్‌గుప్తా 2007 నుంచి 2013 దాకా ప్రపంచ ఎస్పరాంటో సంఘానికి అధ్యక్షుడు. జామెన్‌హోఫ్ నూటయాభయ్యో పుట్టినరోజు ఏడాది, 2009లో, బియాలిస్టోక్‌లోనే మహాసభ జరిగినప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక మా చెల్లెలి ప్రశ్నకు నా జవాబు. నేను అర్జెంటీనా వైపు. 2022 ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్‌తో పెనాల్టీల దాకా వెళ్లిన ఆ రాత్రి నా గుండె ఎలా కొట్టుకుందో నాకే తెలుసు. మ్యాచ్ అయ్యాక నాకు మొదట మెసేజ్ పెట్టింది ఒక ఫ్రెంచ్ మిత్రుడు. తమ ఎంబాపె మూడు గోల్స్ కొట్టినా ఓడిపోవడం న్యాయమేనా అని ఎస్పరాంటోలో నిలదీశాడు. ఇద్దరం తెల్లవారేదాకా పోట్లాడుకున్నాం. అతను ఇప్పటికీ ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. వచ్చే మ్యాచ్‌కి మీలో ఎవరికైనా ఆ పోట్లాటలో చేరాలనుంటే సభ అయ్యాక నన్ను కలవండి. భాష నేర్పే పూచీ నాది, ఏ జట్టు వైపు ఉంటారన్నది మీ ఇష్టం.