నేలతో వచ్చినవి, నడిచి వచ్చినవి

పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ సభకు వస్తూ మీలో చాలామంది ఇంద్రకీలాద్రి పక్కనుంచే వచ్చి ఉంటారు. దారి కోసం కొండను తొలిచిన చోట ఆగి రాయిని దగ్గరగా చూస్తే, ఎండకూ వానకూ మెత్తబడిన గోధుమరంగు పొరలు, వాటి మధ్య ఆవగింజంతవి కొన్ని, శనగగింజంతవి కొన్ని ముదురెరుపు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు గార్నెట్ ఖనిజం. ఆ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద దానికా పేరు వచ్చింది. ఈ కనుమల రాళ్లకు, ముఖ్యంగా విశాఖ వైపు రాళ్లకు, వయసులోనూ పుట్టుకలోనూ సరిగ్గా జత కుదిరే రాళ్లు తూర్పు అంటార్కిటికాలో మంచు అంచున బయటపడి ఉన్నాయి. ఒకప్పుడు అదీ ఇదీ ఒకే పర్వతశ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఆ నేల నిలువునా చీలి, చీలిన చోట సముద్రం వచ్చి చేరింది. అలా ఏర్పడిన పల్లంలో నదులు తెచ్చిన మట్టి పొరలు పొరలుగా పేరుకున్నదే మనం ఈనాడు సహజవాయువు కోసం తవ్వుతున్న కృష్ణా-గోదావరి బేసిన్.

నేల ఇలా విడిపోయినప్పుడు దాని మీద బతుకుతున్న జీవుల సంగతి ఏమైందన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం. మన దేశంలో ఈనాడు కనిపించే జీవుల్లో కొన్ని ఈ నేలతో పాటే ప్రయాణించి వచ్చాయి, మరికొన్ని నేల ఆసియాకు తగిలిన తరువాత అటునుంచి నడిచి వచ్చాయి. ఏది ఎలా వచ్చిందో తేల్చుకోకుండా ఒక జీవి చరిత్ర చెప్పబూనడం తొందరపాటు అవుతుందని నా నమ్మకం.

ముందుగా మన పక్కనే ఉన్న సాక్ష్యం చూద్దాం. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవుల అవశేషం. ఆ అడవుల్లో గ్లాసోప్టెరిస్ అనే చెట్టు విరివిగా పెరిగేది. నాలుక ఆకారంలో ఉండే దాని ఆకు, నడి ఈనెతో, వలలా అల్లుకున్న సన్నని ఈనెలతో సహా రాతిలో అచ్చుపడి దొరుకుతుంది. అదే ఆకు దక్షిణ అమెరికాలో, దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కూడా దొరికింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ ప్రాణాలు కోల్పోయిన స్కాట్ బృందం, నడవలేని స్థితిలో కూడా వదలకుండా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలో ఆ ఆకు ముద్రలు ఉన్నాయి. ఈ భూభాగాలన్నీ కలిసి ఉన్న ఆ మహాఖండానికి ఆస్ట్రియా భూవిజ్ఞాని ఎడ్వర్డ్ స్యూస్ మన గోండుల పేరుతోనే గోండ్వానా అని పేరు పెట్టాడు.

ఖండాలు కదులుతాయని ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లోనే చెప్పాడు. కదిలించే బలం ఏమిటో ఆయన చూపలేకపోయినందువల్ల చాలామంది పండితులు ఒప్పుకోలేదు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో మరణించాడు. సముద్రపు అడుగు నడుమ చీలి ఇరువైపులా విస్తరిస్తున్నదని 1960ల్లో తేలిన తరువాతనే ఆయన మాటకు విలువ దక్కింది. మన దామోదర్ లోయలో, దక్షిణాఫ్రికాలో దొరికిన లిస్ట్రోసారస్ అనే పొట్టికాళ్ల జంతువు ఎముకలు 1969లో అంటార్కిటికాలో కూడా బయటపడ్డాయి. మహాసముద్రాన్ని ఈదే శరీరం దానికి లేదు. అది నడిచిన నేలే ముక్కలై దూరమైంది.

గోండ్వానా నుంచి విడిపోయిన మన ముక్క మడగాస్కర్‌తో కొంతకాలం కలిసి ఉండి, సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట దాన్ని కూడా విడిచి, ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా, అంటే ఖండాల లెక్కలో అరుదైన వేగంతో, ఉత్తరానికి సాగింది. దారిలో సీషెల్స్ దీవుల గ్రానైట్ ముక్క కూడా దాని నుంచి రాలిపోయింది. ఇక్కడ ఒక కప్పను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పడమటి కనుమల్లో నేల అడుగున ఏడాదంతా దాక్కొని, చెదపురుగులు తింటూ, తొలకరి వానలకు జతకట్టడానికి మాత్రమే కొద్ది రోజులు బయటకు వచ్చే ఊదారంగు కప్ప ఒకటి ఉంది. ఉబ్బిన దేహం, దానికి తగని చిన్న తల, ముందుకు సాగిన తెల్లని మొన లాంటి ముక్కు, మట్టి తవ్వడానికి అనువైన గట్టి కాళ్లు. స్థానికులు ఎరిగిన ఈ కప్పను శాస్త్రలోకానికి 2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసుయిట్ పరిచయం చేశారు. దాని జన్యువులను పోల్చి చూస్తే, దగ్గరి బంధువులు ఆ కనుమల్లోనే ఉన్న మిగతా కప్పల్లో లేవు. మూడు వేల కిలోమీటర్ల సముద్రానికి అవతల, సీషెల్స్‌లో ఉన్నాయి. అక్కడి కప్పలు కొన్ని మన వేలిగోరంత కూడా ఉండవు. ఒకే వంశం, నేల విడిపోయాక, ఒకచోట మట్టిలో బతికే భారీ దేహంగా, మరొకచోట ఆకుల కింద బతికే చిట్టి దేహంగా మారింది. ఉప్పునీరు కప్ప చర్మానికి పడదు కాబట్టి, ఇది నేలతో పాటే వచ్చిన జీవి అనడానికి నాకు సంకోచం లేదు.

చేపల విషయంలో అంత ధైర్యం చేయకూడదు. కేరళవారు కరిమీన్ అని ఇష్టంగా తినే చేప మన కొల్లేరులోనూ, కృష్ణ సముద్రంలో కలిసే ఉప్పుకయ్యల్లోనూ ఉంది. పచ్చటి బూడిదరంగు ఒంటి మీద నిలువు పట్టీలు, పొలుసుల మీద ముత్యాల్లాంటి తెల్లని చుక్కలు ఉంటాయి. ఇది సిక్లిడ్ కుటుంబానికి చెందింది. ఈ కుటుంబపు చేపలు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో వందల రకాలు ఉండగా, మన దేశానికి సహజంగా చెందినవి మూడే. వాటి దగ్గరి బంధువులు మడగాస్కర్‌లో ఉన్నాయి. ఇది కూడా నేలతో వచ్చిందని చాలాకాలం పాఠాల్లో చెప్పుకున్నాం. నేనూ అలాగే చెప్పాను. అయితే ఈ కుటుంబపు శిలాజాల్లో అత్యంత పాతవి 5 కోట్ల ఏళ్లు కూడా దాటవు, ఖండాలు విడిపోయింది అంతకు చాలా ముందు. ఉప్పునీటిని కొంత ఓర్చుకునే చేప గనుక, తరువాత సముద్రం దాటి ఉండవచ్చన్న వాదానికీ బలం ఉంది. రెండు తేదీలు కలిస్తేనే, అంటే నేల విడిపోయిన తేదీ, వంశం చీలిన తేదీ ఒకదానికొకటి సరిపోతేనే, ఆ చీలికకు నేలను కారణంగా చెప్పాలి. మ్యాపులో పోలిక ఒక్కటే చాలదు. మన చేపల మార్కెట్‌లో ఆ చేప పక్కనే తరచు తిలాపియా కూడా ఉంటుంది. అదీ సిక్లిడ్డే. ఆఫ్రికాకు చెందిన దాన్ని 1952లో మనుషులే మన దేశానికి తెచ్చారు. కోట్ల ఏళ్ల కిందట దారులు వేరైన దాయాదులు ఒకే గంపలో చేరాయి. మనదేమో గుడ్లను రాయికో కర్రకో అంటించి జంటగా కాపలా కాస్తుంది, మొజాంబిక్ తిలాపియా తల్లి వాటిని నోట్లోనే పెట్టుకొని పొదుగుతుంది.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా పొంగింది. ఆ ప్రవాహం వెయ్యి కిలోమీటర్ల దూరం పారి రాజమహేంద్రవరం దగ్గర గోదావరి ఒడ్డుకు చేరిన ఆనవాళ్లు నల్లరాతి క్వారీల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ విపత్తును తట్టుకున్న జీవులతో మన నేల సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాకు తగిలింది. నడుమ ఉన్న టెథిస్ సముద్రం క్రమంగా మూసుకుపోయింది, హిమాలయాలు లేచాయి. గుజరాత్ లిగ్నైట్ గనుల్లో ఆ కాలపు చెట్టుబంకలో చిక్కుకొని రాయిగా మారిన పురుగులు 700కు పైగా దొరికాయి. వాటికి ఆసియా, ఐరోపా పురుగులతో చుట్టరికం ఉన్నట్టు 2010లో తేలింది. అంటే పూర్తిగా తగలకముందే, నడుమనున్న దీవుల మీదుగా రాకపోకలు మొదలయ్యాయన్నమాట. ఆ బంక కార్చిన చెట్లు మన జాలారి, గుగ్గిలం చెట్ల కుటుంబానివే. నేడు బోర్నియో అడవులను నింపిన ఆ కుటుంబం ఈ నేల మీదుగానే ఆగ్నేయాసియాకు చేరిందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇటు వచ్చిన వాటి సంఖ్య చాలా ఎక్కువ. ఆఫ్రికా, అరేబియా నేల కూడా ఆసియాకు తగిలి సుమారు 2 కోట్ల ఏళ్ల కిందట దారి గట్టిపడ్డాక ఏనుగుల వంశం ఇటు నడిచింది. పులి, జింక, మన ఒంగోలు గిత్త పూర్వీకులైన అడవి పశువులు, అన్నీ నేల కలిశాక వచ్చినవే.

ఇక్కడి నుంచి సముద్రంలోకి వెళ్లిన జీవి ఒకటి ఉంది. ఖండాలు దగ్గరపడుతూ టెథిస్ ఇరుకై, లోతులేని నీళ్లుగా మారుతున్న తీరంలో, సుమారు 4.8 కోట్ల ఏళ్ల కిందట, పిల్లి అంత ఒళ్లూ గిట్టలూ ఉన్న ఇండోహైయస్ అనే జంతువు నీళ్లలో దిగి తిరిగేది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర దాని ఎముకలను సేకరించి 1971లో పేరు పెట్టినవాడు మన భూవిజ్ఞాని ఎ. రంగారావు. ఆయన తెచ్చిన రాళ్లలో చాలా భాగం పగలగొట్టకుండానే దశాబ్దాల పాటు ఇంట్లో ఉండిపోయాయి. ఆయన మరణించాక భార్య వాటిని అమెరికా శాస్త్రజ్ఞుడు హాన్స్ థెవిస్సెన్‌కు అప్పగించారు. అక్కడ ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా చెవి భాగం అనుకోకుండా విరిగింది. విరిగిన అంచున లోపలి గోడ మందంగా, బయటి గోడ పలుచగా కనిపించింది. 2007లో ఆ ఫలితం ప్రకటించేనాటి వరకు అలాంటి చెవి ఎముకను తిమింగలాల వంశంలో తప్ప ఎవరూ చూసి ఉండలేదు.