సంతకం కన్నా ముందు సంచికను చూడండి

అందరికీ నమస్కారం.

పాత సాహిత్య పత్రిక తొలి సంచిక, దానిమీద రచయిత సంతకం. అలాంటిది చేతికందితే ఎవరి చూపైనా సంతకం మీదికే పోతుంది. మోసపోయేది అక్కడే. ముందు సంచిక అసలుదేనా, పూర్తిగా ఉందా అన్నది తేల్చుకోండి. సిరా సంగతి ఆ తర్వాత.

కవి టి.ఎస్. ఎలియట్ రాసిన 'ది వేస్ట్ లాండ్' కవిత వచ్చిన 'ది క్రైటీరియన్' 1922 అక్టోబరు సంచిక ఆ పత్రికకు తొలి సంచికే. అదే కవితను మరుసటి నెల వేసిన 'ది డయల్' అప్పటికే నడుస్తున్న పత్రిక. రచన తొలిసారి అచ్చు కావడాన్నీ, పత్రిక తొలి సంచికనూ కలిపేసి చెప్పే అమ్మకందారులు ఉంటారు, జాగ్రత్త. పునర్ముద్రణలది ఇంకో చిక్కు. రచయిత, చిత్రకారుడు విండమ్ లూయిస్ 1914లో తెచ్చిన 'బ్లాస్ట్' పత్రికను బ్లాక్ స్పారో ప్రెస్ 1981లో అదే రూపంలో మళ్లీ వేసింది. ముద్రణ వివరాలున్న పేజీ లేని ప్రతి కనబడితే అనుమానించాల్సిందే.

చీకటి గదిలో 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేసి చూడండి. కాగితం తెల్లగా కనబడటానికి కలిపే మెరుపు రసాయనాలు వాడుకలోకి వచ్చింది సుమారు 1950 తర్వాతే. 1922 నాటి పేజీ నీలంగా వెలిగిందంటే అది తర్వాత అచ్చయినదో, మధ్యలో చేర్చినదో అయ్యుండాలి.

పేజీలు లెక్కపెట్టేటప్పుడు ప్రకటనల పేజీలు వదలకండి. బైండు చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనలూ తీసేసి, అంచులు కోసేయడం గ్రంథాలయాల్లో మామూలే. అలాంటి ప్రతికి ఇంకో ప్రతి అట్ట తగిలించి అమ్ముతారు. పిన్నులున్న సంచికైతే వాటి చుట్టూ ఉన్న తుప్పు మరకను చూడండి. అట్ట లోపలివైపు మరక, దాన్ని ఆనుకుని ఉన్న పేజీ మీది మరక ఒకదానికొకటి అద్దినట్టు సరిపోవాలి. రంధ్రాలు రెండేసి చొప్పున కనబడితే పిన్ను ఊడదీసి మళ్లీ కొట్టారన్నమాట.

ఇక సంతకం. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. చుక్కచుక్కలుగా కనబడితే అది అచ్చు. గీత నడుమ పలచబడి అంచుల్లో సిరా పేరుకుంటే రబ్బరు స్టాంపు. ఎక్కడా ఒత్తిడి తేడా లేకుండా, మొదట్లోనూ చివరా చుక్క పడితే యంత్రం పెట్టిన సంతకం కావచ్చు.

కలం వయసు కూడా కుదరాలి. బాల్‌పెన్నులు న్యూయార్క్‌లో అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరులో. 1922 సంచిక మీద బాల్‌పెన్ సంతకం ఉన్నంత మాత్రాన దొంగదని కొట్టేయకండి. ఎలియట్ 1965 దాకా బతికే ఉన్నాడు. లూయిస్ సంగతి వేరు. ఆయనకు 1951 నాటికే చూపు పోయింది, 1957లో చనిపోయాడు. సన్న మొన ఫెల్ట్ పెన్నులు 1960ల్లో వచ్చాయి. ఆ పెన్నుతో 'బ్లాస్ట్' మీద పొందికైన సంతకం కనబడితే దండం పెట్టి వచ్చేయండి.

ఇంకో గుర్తు ఉంది. సిరా పీల్చకుండా కాగితానికి పట్టించిన జిగురు దశాబ్దాలు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. అలాంటి కాగితం మీద ఇప్పుడు రాస్తే సిరా పీచుల వెంట పాకుతుంది. ఇదొక్కటే రుజువు కాదు. నాసి కాగితం కొత్తలోనూ పీలుస్తుంది. పేజీ మడతను కూడా చూడండి. సిరా మడత పగులులోకి దిగితే, మడత పడ్డాకే సంతకం పెట్టారన్నమాట.

దాచడం పెద్ద విద్యేమీ కాదు. పాలిస్టర్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, 30 నుంచి 50 శాతం మధ్య నిలకడైన తేమ, ఎండ తగలని చోటు. పీవీసీ కవర్లు, సెల్లోటేపు, లామినేషన్ దగ్గరికి రానివ్వకండి. ఆమ్లం తీసే స్ప్రేలు సంతకం ఉన్న పేజీ మీద వాడితే సిరా రంగు మారొచ్చు, కరగొచ్చు కూడా. కొన్న బిల్లు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే ఉత్తరాలు విడి కవరులో పెట్టుకోండి. సంచిక మధ్యలో దాస్తే వాటి ఆమ్లం ఎదుటి పేజీకి అంటి, సరిగ్గా ఆ కాగితం కొలతలో గోధుమరంగు మచ్చ పడుతుంది.