కోక్ గుట్ట ఎందుకు కదలదు?

పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

‘అయత్నీకృత చర్య’ అంటే బయటి నుంచి నెట్టకుండా తానుగా సాగగల చర్య. ఆ మాట అనగానే మన పిల్లలు వేడిని వెలువరిస్తూ చకచకా జరిగిపోయే చర్య అనుకుంటారు. ఆ పొరపాటు వారొక్కరిదే కాదు. 19వ శతాబ్దంలో జూలియస్ థామ్సన్, బెర్తెలో వంటి ఉద్దండ రసాయన శాస్త్రవేత్తలు కూడా వెలువడే వేడే చర్య మొగ్గుకు కొలత అని నమ్మారు. కొద్ది నీళ్లలో ఎక్కువ యూరియా కలిపిన రైతును అడగండి: గుళికలు కరిగే కొద్దీ చేతికి చల్లదనం తగులుతుంది. యూరియా మోల్‌కు సుమారు 15 కిలోజౌళ్ల వేడిని పరిసరాల నుంచి లాక్కుని మరీ తానుగా కరుగుతుంది. స్ఫటికంలో వరుస కట్టిన అణువులు నీటిలో చెల్లాచెదురైనప్పుడు పెరిగే ఎంట్రోపీయే, అంటే చెదిరిపోవడానికి కొలతే, ఆ ఖర్చును భరిస్తుంది.

వేడి, ఎంట్రోపీ ఈ రెండింటినీ ఒకే లెక్కలోకి తెచ్చినవారు యేల్ ఆచార్యుడు జోసయా విల్లార్డ్ గిబ్స్. ఆ లెక్క చెప్పిన ఆయన మహాపత్రం 1876–78 మధ్య వెలువడింది. స్థిర ఉష్ణోగ్రతా పీడనాల వద్ద, ఎంథాల్పీ మార్పులోంచి, అంటే చర్యలో ఇచ్చిపుచ్చుకునే వేడిలోంచి, కెల్విన్ ఉష్ణోగ్రతతో హెచ్చించిన ఎంట్రోపీ మార్పును తీసివేస్తే గిబ్స్ శక్తి మార్పు వస్తుంది. అది రుణాత్మకమైతేనే చర్య ఆ దిశలో సాగగలదు.

ఇందులోని అందమంతా ఉష్ణోగ్రతలో ఉంది. అది చూడటానికి మన విజయనగరం జిల్లా దాటనక్కర్లేదు. గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు మాంగనీసు రాయిని పట్టుకుంటే చేతికి నల్లగా మసి అంటుతుంది. కొలిమిలో ఆ రాయి కొంత ఆక్సిజన్‌ను సులువుగానే వదిలి మాంగనీస్ మోనాక్సైడ్‌గా మారుతుంది; మొండికేసేది అక్కడే. ఆ మిగిలిన ఆక్సిజన్‌ను కర్బనం లాగాలంటే మోల్‌కు దాదాపు 275 కిలోజౌళ్లు కావాలి. అయితే రెండు ఘనపదార్థాల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది కనుక ఎంట్రోపీ కెల్విన్‌కు సుమారు 165 జౌళ్లు పెరుగుతుంది. ఈ రెండూ సరితూగి చర్య మొగ్గు మలుపు తిరిగే ఉష్ణోగ్రత కోసం 2,75,000ను 165తో భాగించండి: 1,667 కెల్విన్‌లు, అంటే ఇంచుమించు 1,400 డిగ్రీల సెల్సియస్. ఇనుము ఆక్సైడుకు ఈ మలుపు 700 డిగ్రీల ప్రాంతంలోనే వస్తుంది. ఇనుము మనిషికి వేల ఏళ్ల కిందటే దక్కినా, మాంగనీసు లోహం 1774లో స్వీడన్‌లో గాన్ బొగ్గుతో కాల్చి తీసేదాకా చేతికి రాకపోవడంలో ఈ తేడా పాత్ర చాలా ఉంది.

ఇక వేగం సంగతి. ఖనిజం పక్కన పోసిన కోక్ గుట్టను, అంటే బొగ్గును గాలి తగలకుండా కాల్చి తీసిన కర్బనం గుట్టను చూడండి. గాలిలోని ఆక్సిజన్‌తో కలవడానికి దానికి గది ఉష్ణోగ్రతలోనే మోల్‌కు మైనస్ 394 కిలోజౌళ్ల మొగ్గు ఉంది, అయినా చర్య మొదలవడానికి ముందుగా కావలసిన ఉత్తేజన శక్తి అడ్డుగా నిలవడం వల్ల అంటుకోదు. మాంగనీస్ మోనాక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగి లోహాన్ని విడదీయడానికైతే గది ఉష్ణోగ్రతలో అసలు మొగ్గే లేదు. అందుకే ఒకసారి నిప్పంటిస్తే మొదటి చర్య తన వేడితో తానే సాగిపోతుంది. రెండోది మాత్రం కొలిమి వేడి తగ్గగానే ఆగిపోతుంది.