మొరాయించే గుర్రానికి ట్విచ్: ఎప్పుడు, ఎంతసేపు

అందరికీ నమస్కారం. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపేవాళ్లు, జాయ్‌రైడ్లు నడిపేవాళ్లు, పశువుల ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

సూది వెయ్యాలన్నా, గాయానికి కుట్లు వెయ్యాలన్నా గుర్రం కదలకుండా నిలబడాలి. నిలబడకపోతే మనవాళ్లు వెంటనే "దీనికి పొగరు" అనేస్తారు. చాలాసార్లు దానికి ఉన్నది నొప్పో, భయమో. డెక్కలో చీము పట్టిన గుర్రం కాలు ఎత్తనివ్వదు. పళ్ల అంచులు వాడిగా పెరిగి బుగ్గలు కోసుకుపోతుంటే కళ్లెం పెట్టనివ్వదు. ముందు అవి చూడండి. దగ్గరికి వెళ్లేటప్పుడు మాట్లాడుతూ, భుజం వైపు నుంచి వెళ్లండి. సరిగ్గా నుదుటి ముందు, తోక వెనక ఉన్నది దానికి కనిపించదు. మెత్తటి హాల్టర్ (తలకు తొడిగే పట్టీ), అలవాటైన మనిషి చేతిలో పగ్గం, ముందు కాస్త గడ్డి ఉంటే చాలా పనులు అక్కడితోనే అయిపోతాయి.

అప్పటికీ లొంగకపోతే ట్విచ్. కర్ర చివర తాడు ఉచ్చు ఉంటుంది. అందులోంచి పై పెదవిని లాగి, లోపలి తడి చర్మం బయటికి రాకుండా అంచులు మడిచి, పెదవి జారిపోకుండా ఉండేంత వరకే మెలిపెట్టాలి. ముక్కు రంధ్రాలు మూసుకుపోకూడదు, గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు. కాసేపటికి రెప్పలు వాలతాయి, తల దిగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. ఆ సమయంలో ఒంట్లో నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లు పెరుగుతాయని 1984లోనే పరిశోధకులు చూపించారు.

అయితే ఇది సుమారు 5 నిమిషాల ముచ్చటే. ఆ తర్వాత గుండె వేగం మళ్లీ పెరుగుతుంది, గుర్రానికి టెన్షన్ మొదలవుతుంది. వాలిన రెప్పలు చూసి ధైర్యంగా ఇంకాసేపు లాగిస్తే, ఉన్నట్టుండి ముందుకాలు విసురుతుంది. అందుకే మందు, సూది, దూది అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే ట్విచ్ వెయ్యండి. వేసేశాక పెట్టెలో కత్తెర వెతికేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పని కాగానే వదిలేసి, పెదవిని అరచేత్తో రుద్దండి.

చెవిని మాత్రం ఎప్పుడూ మెలిపెట్టొద్దు. అక్కడ గుండె వేగం తగ్గడమనేదే లేదు, మొదటి నుంచీ పెరగడమే. ఆ తర్వాత తల దగ్గరికి చెయ్యి రానివ్వదు, హాల్టర్ తొడగడమే కష్టమైపోతుంది.

పని ఎక్కువసేపు పట్టేలా ఉంటే డాక్టరు ఇచ్చే మత్తు సూదే మేలు. మత్తులో ఉన్నా గుర్రం తన్నగలదు, అది గుర్తుంచుకోండి.

ముళ్ల కళ్లేలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇవాళే తీసేయండి. అవి వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. వాటితో నోరు చీరుకుపోయిన గుర్రం మామూలు కళ్లేన్ని చూసినా తల ఎగరేస్తుంది.

ఇప్పుడు బయట ట్రెవిస్ (పశువును నిలబెట్టే స్తంభాల చట్రం) దగ్గర చేసి చూద్దాం, ఇద్దరిద్దరుగా రండి. ఒకరు పగ్గం, ఒకరు ట్విచ్ పట్టుకోండి. ఇద్దరూ డాక్టరు నిలబడిన వైపే ఉండాలి. పగ్గాన్ని స్తంభానికి కట్టొద్దు. కర్రను రెండు చేతులా పట్టుకోండి. అది జారి, గుర్రం తల విదిలిస్తే పక్కవాళ్ల మొహం పగులుతుంది.