రంగం ఓడలు ఎక్కిన రేవు

అందరికీ నమస్కారం.

మన బరంపురానికి చుట్టాలొస్తే అందరిదీ ఒకటే పద్ధతి. సాయంత్రం ఆటో ఎక్కించి గోపాల్‌పూర్ తీసుకెళ్తాం. పదహారు కిలోమీటర్లే కదా. ఇసుకలో కూర్చోబెట్టి, వేయించిన చేప తినిపించి, చీకటి పడగానే వెనక్కి తెచ్చేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అంతే. ఓసారి మా మేనమామ ఒడ్డున నిలబడి, "ఒరేయ్, ఆ మొండిగోడలు ఏంట్రా?" అన్నారు. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, చెప్పలేకపోయాను.

అవి పాత రేవువి. కంపెనీ కాలం నుంచీ ఇక్కడ సరుకు ఓడలకెక్కేది. సరుకే కాదు, మనుషులూ ఎక్కారు. "మా తాత రంగం పోయాడు" అని ఇళ్ళల్లో అనేవారు, గుర్తుందా? రంగం అంటే రంగూన్. కూలికి బర్మా వెళ్ళిన మనవాళ్ళలో ఎందరో ఈ ఒడ్డునే ఓడ ఎక్కారు. అప్పటికి మన గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసింది. రెండో ప్రపంచ యుద్ధంతో బర్మా దారి మూసుకుపోయింది, రేవు పాడుబడింది. పైన లైట్‌హౌస్ ఉంది. సాయంత్రం కాసేపే ఎక్కనిస్తారు, ముందే కనుక్కుని వెళ్ళండి.

ఒడ్డున వలలు బాగుచేసుకునే నోలియా జాలర్లతో ఓసారి మాట కలపండి. చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఈ సముద్రం పైకి కనిపించినంత మంచిది కాదు, లోపల లాగేస్తుంది. దిగాలనుకుంటే వాళ్ళని అడిగే దిగండి.

ఋషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టడం మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కొన్నేళ్ళు అసలు రావు. పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి నేను రెండుసార్లు ఇసుక చూసి వచ్చాను. వచ్చిన ఏడాది మాత్రం లక్షల్లో వస్తాయి. రాత్రి టార్చి వేయకండి, ఫోను లైటు కూడా వద్దు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగు ఎటుంటే అటే పోతుంది, సముద్రం దారి తప్పుతుంది.

అదే నది పక్కన తారాతరిణి కొండ. 999 మెట్లు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి రోప్‌వే. చైత్ర మంగళవారాల్లో అమ్మవారి దర్శనం కన్నా జనం దర్శనమే ఎక్కువ. కొండ దిగి చాలామంది నేరుగా ఇంటికి బండి తిప్పేస్తారు. నా బాధంతా అదే. పురుషోత్తమపూర్ దగ్గరే జౌగడ ఉంది, అశోకుడు చెక్కించిన బండ. మిగతాచోట్ల కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, తను బాధపడ్డానని చెక్కించాడు. ఇక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ ఆ ముక్క వదిలేశాడు. బదులుగా "మనుషులందరూ నా బిడ్డలే" అని రాయించాడు. ఓడిపోయినవాళ్ళ ఊళ్ళో ఆ కథ ఎత్తడానికి మొహమాటపడ్డాడో, భయపడ్డాడో మరి. నాకైతే రెండూ అనిపిస్తుంది.

మా మేనమామని ఈసారి ముందు అక్కడికే తీసుకెళ్ళాను. బండ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంతకీ వాళ్ళు క్షమించారంటావా?" అన్నారు. దీనికీ నా దగ్గర జవాబు లేదు.