సైన్స్ ఫిక్షన్ పాత్రల్లో రచయిత ఇంటివాళ్ళ పోలికలు

[స్క్రీన్ మీద: గీసిన బొమ్మ. ఒక సమాధి రాయి, దాని మీద పక్కపక్కన రెండు పేర్లు.]

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ మోర్గాన్ అనే ఊరుంది. అక్కడి శ్మశానంలో ఒక రాయి మీద కవల పిల్లల పేర్లు పక్కపక్కనే చెక్కి ఉంటాయి. జేన్, ఫిలిప్. ఇద్దరూ 1928 డిసెంబరు 16న పుట్టారు. జేన్ ఆరు వారాలకే పోయింది. ఆమె రాయి మీదే, బతికున్న పిల్లాడి పేరు కూడా అప్పుడే చెక్కించేశారు. 53 ఏళ్ళ తర్వాత, 1982లో, అతన్నీ తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

ఆ పిల్లాడే సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్.

[స్క్రీన్ మీద: ఒక చిన్నపిల్ల నీడ, ఆ నీడలో ఇంకో చిన్న నీడ.]

1965లో వచ్చిన ఆయన నవల ‘డాక్టర్ బ్లడ్‌మనీ’లో ఈడీ అనే ఏడేళ్ళ పాప ఉంటుంది. ఆ పాప తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటుంది. ఊహల్లోని స్నేహితుడు కాబోలు అనుకుంటారు పెద్దవాళ్ళు. నిజానికి ఆమె కవల సోదరుడు బిల్ ఆమె ఒంట్లోనే బతికి ఉంటాడు. పుట్టలేదు, పోనూ లేదు. బయట ఏముందో చెప్పమని అడుగుతుంటాడు. వాడికి చనిపోయినవాళ్ళ మాటలు వినిపిస్తాయి.

మొదటిసారి చదివినప్పుడు నాకు జేన్ సంగతి తెలియదు. వింత ఊహ, బాగుంది అనుకున్నాను. తెలిశాక అవే పేజీలు మళ్ళీ తీస్తే చదవడం కష్టమైంది. అసలు జీవితంలో బతికింది అబ్బాయి, పోయింది అమ్మాయి. నవలలో అది తారుమారైంది. బయట తిరిగేది అమ్మాయి, లోపల ఉండిపోయింది అబ్బాయి. పైగా చివరికి బిల్‌ని బయటి ప్రపంచంలోకి తెస్తాడు రచయిత. కవల చెల్లెళ్ళో అక్కలో ఉన్న పాత్ర కోసమే వెతికేవాళ్ళు ఇక్కడ జేన్‌ని గుర్తుపట్టలేరు. నా లెక్కలో పోలికలు వెతకడంలో ఇదే అసలు కిటుకు: మొహాన్ని వదిలేసి, లోటు ఎక్కడుందో చూడాలి. ఆయన 1974 నవలలో ఒక పోలీసు అధికారికి కవల సోదరి ఉంటుంది. కథ మధ్యలో ఆమె చనిపోతుంది. అంత కఠినుడూ తర్వాత తట్టుకోలేక ఏడుస్తాడు.

కొంతమంది విషయంలో ఇంత వెతుకులాట అక్కర్లేదు, వాళ్ళే చెప్పేస్తారు. అమెరికన్ రచయిత కర్ట్ వొనెగట్ అక్క ఆలిస్ 1958లో క్యాన్సర్‌తో పోయింది. ఒకటి రెండు రోజుల ముందే ఆమె భర్త రైలు ప్రమాదంలో పోయాడు. వాళ్ళ పిల్లల్లో ముగ్గురిని వొనెగట్ తన ఇంటికి తెచ్చుకుని పెంచాడు. 1976 నాటి నవల ‘స్లాప్‌స్టిక్’లో అక్కాతమ్ముళ్ళని కవలలుగా మార్చాడు. ఇద్దరూ తలలు కలిపి ఆలోచిస్తే మహా మేధావులు, విడదీస్తే ఎందుకూ కొరగారు. తాను ఎప్పుడూ ఆలిస్ కోసమే రాస్తూ వచ్చానని ముందుమాటలో స్వయంగా చెప్పుకున్నాడు.

అలాగే ‘డ్యూన్’ నవలలో కథానాయకుడి తల్లి జెస్సికా వెనక ఫ్రాంక్ హెర్బర్ట్ భార్య బెవర్లీ ఉందని వాళ్ళ కొడుకు బ్రయన్ తండ్రి జీవితచరిత్రలో రాశాడు.

[స్క్రీన్ మీద: మంచులో ఇరుక్కున్న ఓడ. ఒక ఉత్తరం.]

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కథంతా ఉత్తరాల్లో ఉంటుంది. ఉత్తర ధ్రువం వైపు వెళ్తున్న వాల్టన్ తన అక్కకి రాస్తుంటాడు. ఆ అక్క పుస్తకంలో ఎక్కడా నోరు విప్పదు. ఆమె పేరు మార్గరెట్, పుట్టింటి పేరు వాల్టన్, అత్తింటి పేరు సావిల్. పొడి అక్షరాలు ఎం. డబ్ల్యూ. ఎస్. ఈ నవల రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ పొడి అక్షరాలూ అవే! తను పుట్టిన పదకొండో రోజుకే తల్లిని పోగొట్టుకున్న అమ్మాయి, తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ పేరు ఉన్న ఆ అక్షరాలనే ఉత్తరాలు అందుకునే మనిషికి పెట్టింది.

ఆ కథలో చచ్చిన శరీరానికి ప్రాణం పోసి తయారుచేసిన ప్రాణి చేతిలో మొదట చనిపోయే చిన్నపిల్లాడి పేరు విలియం. మేరీ తండ్రి పేరూ, సవతి తల్లికి పుట్టిన తమ్ముడి పేరూ, సొంత కొడుకు పేరూ విలియమే. 1816 వేసవిలో రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ కొడుక్కి ఇంకా ఆరు నెలలు నిండలేదు.

ఇక్కడ జాగ్రత్త. ఆ బాబు 1819లో రోమ్‌లో చనిపోయాడు. పుస్తకం వచ్చింది 1818 జనవరిలో. బిడ్డ పోయిన బాధతో ఆ ఘట్టం రాసిందని ఎవరైనా అంటే తప్పు. ఏదైనా పోలిక చెప్పే ముందు తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. తేదీ కుదిరేది ఇంకో బిడ్డతో. 1815 ఫిబ్రవరిలో నెలలు నిండకుండా పుట్టిన పాప రెండు వారాలకే పోయింది. ఆ మార్చిలో డైరీలో మేరీ ఒక కల రాసుకుంది: పాప చనిపోలేదు, ఒళ్ళు చల్లబడింది అంతే, నిప్పు దగ్గర పెట్టి రుద్దితే బతికింది. మేలుకుని చూస్తే పాప లేదు. తర్వాతి ఏడాదే చచ్చిన శరీరానికి ప్రాణం పోసే మనిషి కథ మొదలైంది.

[స్క్రీన్ మీద: పాతకాలపు వంటగది, పొయ్యి.]

చివరగా నల్లజాతి అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్. వాళ్ళమ్మ ఇళ్ళలో పనిమనిషి. చిన్నప్పుడు అమ్మతో పాటు వెళ్ళి, అమ్మ ముందే ఆమెని చులకన చేసి మాట్లాడటం విన్నది. అమ్మ ఎందుకు పడుతుందో అప్పుడు అర్థం కాలేదు. 1979లో వచ్చిన ‘కిండ్రెడ్’లో డేనా అనే రచయిత్రి 1976 నుంచి బానిసత్వం నాటి మేరీలాండ్‌కి వెళ్ళి పడుతుంది. అందరూ డేనాలో బట్లర్‌ని చూస్తారు, సరే. నేనైతే వంటగదిలో ఉన్న సారా దగ్గర ఆగుతాను. ఎదురు చెప్పదు, అన్నిటికీ తల వంచుతుంది. మొదట డేనాకి ఆమె అంటే చిన్నచూపు. తర్వాత తెలుస్తుంది, సారా ముగ్గురు కొడుకుల్ని యజమాని అమ్మేశాడని. ఇక మిగిలింది మాటలు రాని కూతురు కేరీ ఒక్కతే. ఆ ఒక్క పిల్లని కూడా అమ్మేస్తాడేమోనన్న భయంతోనే సారా నోరు మూసుకుని ఆ పొయ్యి దగ్గర నిలబడి ఉంది.