చేయి తాకి నేర్పే విద్య

సభకు నమస్కారం.

చైనా యుద్ధ విద్యలు నేర్పే చిన్న బడి ఎలా నడవాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను నేర్చుకుని, ఇప్పుడు నేర్పుతున్న వింగ్ చున్ గురించే మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే మనవి చేస్తున్నాను: ఈ విద్య స్వభావమే బడిని చిన్నదిగా ఉంచమంటుంది.

1893లో దక్షిణ చైనాలోని ఫోషాన్‌లో పుట్టిన వింగ్ చున్ గురువు ఇప్ మాన్, చైనాలో ప్రభుత్వం మారిన రోజుల్లో హాంకాంగ్ చేరి, 1950లో కౌలూన్‌లోని రెస్టారెంటు కార్మికుల సంఘంలో పాఠాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత కూడా ఆయన బడి చాలాకాలం ఇరుకు గదుల్లోనే సాగింది. ఫోషాన్‌లో నేలలో పాతి నిలబెట్టే, ఎదుటి మనిషికి బదులుగా కొట్టి సాధన చేసే కొయ్య బొమ్మకు అంతస్తుల ఇళ్లలో చోటు లేదు గనుక, హాంకాంగ్‌లో దాన్ని రెండు అడ్డబద్దల మీద నిలిపారు. దెబ్బ తగలగానే బద్దలు కాస్త వంగి, బొమ్మ వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావడంతో, మనిషి చేయి ఎదురు తిరిగినట్టే ఉండే ఒక స్పర్శ సాధకుడికి దొరికింది. ఇరుకు గది వల్ల విద్యకు ఒరిగిన మేలు ఇది.

అదే చైనాలో పెద్ద బడుల సంప్రదాయమూ ఉంది. 1910లో షాంఘైలో మొదలైన జింగ్‌వు సంఘం, 1928లో నాన్‌జింగ్‌లో వెలసిన కేంద్ర గువోషు (జాతీయ యుద్ధ విద్య) సంస్థ ఈ విద్యలను గడపలు దాటించి జనం మధ్యకు తెచ్చాయి. ఆ సేవ పట్ల నాకు నిండు గౌరవం ఉంది. వరుసల్లో నిలబెట్టి వందమందికి ఒకేసారి కదలికలు నేర్పవచ్చు. వింగ్ చున్‌లో ఇద్దరు చేతులు ఆనించి చేసే సాధన అయిన చీ సావ్ మాత్రం అలా నేర్పలేము.

చీ సావ్‌లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఆనించి, ఎడతెగకుండా తిప్పుతూ ఉంటారు. ఎదుటి చేయి తొలగితే నా చేయి దానంతట అదే ముందుకు సాగాలి. బలంగా నెట్టుకొస్తే ఆ బలంతో పోట్లాడకుండా దానికి పక్కన దారి ఇవ్వాలి. విద్యార్థి భుజం బిగించాడన్న సంగతి కంటికి కనబడకముందే నా ముంజేతికి తెలుస్తుంది. తెలిసిన ఆ క్షణంలోనే నేను కొద్దిగా ఒత్తిడి మారిస్తే అతనికీ తెలుస్తుంది; పాఠమంతా అక్కడే ఉంది. అందువల్ల ఒక పూటలో ప్రతి విద్యార్థితోనూ నేను స్వయంగా చేయి కలపగలిగినంత వరకే చేర్చుకుంటాను, అంతకు మించి ఎంత అడిగినా చేర్చుకోను.

ఒంటరిగా, నిర్ణీత క్రమంలో చేసే కదలికల కూర్పును మేము వరుస అంటాము; తొలి వరుస అయిన స్యూ నిమ్ తావ్ విషయంలోనూ ఇంతే. దాని మొదటి భాగంలో ఫుక్ సావ్‌ను, అంటే మణికట్టు వంచి ఎదుటి చేతి మీద ఆనించే చేతి భంగిమను, మూడుసార్లు, అతి నెమ్మదిగా, ఛాతీ మధ్యరేఖ వెంబడి ముందుకు పంపాలి. సినిమాలు చూసి వచ్చిన కుర్రవాడికి ఇది విసుగు. తొందరపడగానే మోచేయి పక్కకు జారిపోతుంది. వీణ గురువు శిష్యుడి వేలు పట్టి మెట్టు మీద నిలిపినట్టు, నేను ఆ మోచేతిని పట్టుకుని లోపలికి తెచ్చి, భుజం వదిలేసే దాకా పక్కనే నిలబడతాను. పొట్టివారికీ పొడగరికీ మోచేయి కుదురుకునే తీరు ఒకటి కాదు. ఇప్ మాన్ కూడా శిష్యుల శరీరాన్ని, స్వభావాన్ని బట్టి నేర్పే తీరు మార్చుకునేవారు.

1972లో, మరణానికి కొద్ది కాలం ముందు, జబ్బుతో చిక్కిపోయి ఉండి కూడా ఇప్ మాన్ మొదటి రెండు వరుసలను, కొయ్య బొమ్మ సాధనను ఫిల్ము మీద నమోదు చేయించారు. మా విద్యార్థులందరికీ దాన్ని చూపిస్తాను. కదలికల క్రమాన్ని అది భద్రంగా చెబుతుంది. ఆ మోచేతి వెనుక బరువెంతో తాకి చూసినవారే చెప్పగలరు.

చిన్న బడి అనగానే రహస్యాల బడి అనుకునేవారున్నారు. మూడో వరుస బ్యూ జీని బయటివారికి చూపకూడదన్న పాత ఆచారం ఆ అనుమానాన్ని పెంచింది. నేను దాచడాన్ని సమర్థించను. అయితే వేచి ఉండమని తప్పక చెబుతాను, కారణమూ వివరిస్తాను. దెబ్బతిని మధ్యరేఖ మీద పట్టు చేజారినప్పుడు తిరిగి నిలదొక్కుకునే ఉపాయాలు బ్యూ జీలో ఉన్నాయి. అందుకోసం మోచేయి తన చోటు వదిలి బయటికి, పైకి వెళ్తుంది. ఆ చోటు ఇంకా కుదరని విద్యార్థి దాన్ని నేర్చుకుంటే, మొదటి రెండు వరుసల్లో కూడబెట్టుకున్నది అతని చేతిలోంచి జారిపోతుంది.